పని బల్ల ఇచ్చే ముందు టేపు తియ్యండి



ఇవాళ ఒక బల్ల గురించి చెబుతాను. భోజనాల బల్ల, పిల్లలు చదువుకునే బల్ల మనందరికీ తెలుసు. నేను చెప్పేది వడ్రంగం పని చేసుకునే బల్ల. మందంగా, బరువుగా, కాస్త మొరటుగా ఉంటుంది. చెక్కను కదలకుండా పట్టుకోవడానికి పక్కన ఇనుప వైస్ ఉంటుంది. వడ్రంగం వృత్తి కాకపోయినా, సరదాగా నేర్చుకుని సెలవురోజుల్లో స్టూలో, చిన్న అలమరో చేసుకునేవాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు. బ్యాంకు ఉద్యోగులు, రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళు, రిటైరైన మాస్టార్లు. నేను ఆ చివరి జాతివాణ్ణి.

ఇలాంటి బల్ల ఎప్పుడో ఒకప్పుడు చేతులు మారక తప్పదు. ఇల్లు మారతాం. నడుము మొరాయిస్తుంది. పిల్లల దగ్గరికి వెళ్ళిపోతాం. అప్పుడు ఆ బల్లను ఎవరికివ్వాలి? ఎలా ఇవ్వాలి? నేను చెప్పేది ఒక్కటే. కొలిచి ఇవ్వండి. మళ్ళీ చెబుతున్నాను. కొలిచి ఇవ్వండి.

ఊరికే ఇచ్చేదానికి కొలతలేమిటండీ అని మీరు అడగచ్చు. దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదని సామెత కూడా ఉంది. ఆవు సంగతి నాకు తెలియదు. బల్లకు మాత్రం లెక్కపెట్టాల్సిందే. తీసుకునేవాళ్ళకు మొహమాటం ఉంటుంది. ఉచితంగా వస్తున్నదానికి వంకలు పెడితే ఏమనుకుంటారో అని నోరు మెదపరు. అందుకని ఇచ్చేవాళ్ళే ముందుగా టేపు తీయాలి.

అసలు ఎవరికివ్వాలి అన్నది మొదట తేల్చుకుందాం. నేను నా బల్ల ఇచ్చేస్తున్నానని తెలియగానే చాలామంది ఒకే సలహా ఇచ్చారు. పాపం, ఎవరైనా వడ్రంగికివ్వు, పుణ్యం అన్నారు. మంచి మాటే. కానీ మన వడ్రంగి పని చేసే తీరు చూడండి. సంప్రదాయంగా ఆయన నేల మీద కూర్చుని పని చేస్తాడు. కాలి వేళ్ళతో చెక్కను తొక్కిపట్టి చిత్రిక పడతాడు. ఆ పాదమే ఆయన వైస్. ఇక ఇప్పటి వడ్రంగులు ఈ నెల ఒక అపార్ట్‌మెంట్‌లో, వచ్చే నెల ఇంకో విల్లాలో ఉంటారు. రెండు స్టూళ్ళ మీద ఒక ప్లైవుడ్ ముక్క వేసుకుంటే వాళ్ళ బల్ల తయారు. 80 కిలోల బల్లను వెంటేసుకుని ఏ సైటుకి తిరుగుతారు? నేను ఒకాయన్ని అడిగాను కూడా. ‘‘ఎక్కడ పెట్టుకోను సార్’’ అన్నాడు. ఆయన అన్నది న్యాయమే.

సొంత షెడ్డు ఉన్న వడ్రంగి దగ్గర బల్ల ముందే ఉంటుంది. కాబట్టి ఇలాంటి బల్ల నిజంగా కావలసింది మనలాంటి మరో సరదా వడ్రంగికి. అంటే, ఇప్పటిదాకా డైనింగ్ టేబుల్ మీద దుప్పటి పరిచి రంపంతో చెక్క కోస్తున్న మనిషికి. ఇంట్లోవాళ్ళ చేత చీవాట్లు తింటున్న మనిషికి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఇంగ్లండులో రాన్ హిక్‌మన్ అని ఒక డిజైనర్ ఉండేవాడు. లోటస్ ఎలాన్ అనే పేరున్న స్పోర్ట్స్ కారుకు రూపం ఇచ్చినవాడు. 1960లలో ఇంట్లో ఏదో చెక్కపని చేసుకుంటూ, మంచి కుర్చీని ఆసరాగా పెట్టుకుని చెక్క కోశాడు. చెక్కతోపాటు కుర్చీ కూడా తెగింది. ఆ కుర్చీ పుణ్యమా అని ఆయన మడిచి పెట్టుకునే పని బల్ల ఒకటి కనిపెట్టాడు. బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ మొదట వద్దంది. తర్వాత 1970లలో అదే కంపెనీ దాన్ని వర్క్‌మేట్ అనే పేరుతో తయారు చేసి లోకమంతా అమ్మింది. అంత పెద్ద డిజైనరుకే కుర్చీ తెగింది. మనమెంత? మీ బల్ల ఎవరికివ్వాలో తోచకపోతే, కుర్చీలు కోసుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో వెతకండి.

నాకు అలాంటి అబ్బాయి ఒకడు దొరికాడు. మా విశాఖలోనే ఉద్యోగం చేస్తుండేవాడు. హైదరాబాదులో కొత్త ఉద్యోగం వచ్చి ఇల్లు మారుతున్నాడు. ఫోన్ చేశాడు. ‘‘మాస్టారూ, మీ బల్ల ఇస్తానన్నారటగా?’’ అన్నాడు. ‘‘ఇస్తాను బాబూ. ముందు నువ్వెంత పొడుగో చెప్పు’’ అన్నాను. అవతల ఒక నవ్వు. ‘‘పెళ్ళిచూపులా మాస్టారూ?’’ అన్నాడు.

పెళ్ళిచూపులు కావు. బల్లకు అన్నిటికంటే ముఖ్యం ఎత్తు. వంటింట్లో గట్టు ఎత్తు సరిపోకపోతే ఏమవుతుందో వంట చేసేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. అత్తగారి ఎత్తుకు కట్టించిన గట్టు దగ్గర పొడుగైన కోడలు నిలబడితే, సాయంత్రానికి ఆ అమ్మాయి నడుము పట్టేస్తుంది. పని బల్లా అంతే. చిత్రిక పట్టేటప్పుడు మనం చేతులతో మాత్రమే తోయం. ఒంటి బరువంతా ముందుకు వాల్చి తోస్తాం. బల్ల మరీ ఎత్తైతే ఆ బరువు చెక్క మీదికి రాదు. భుజాలే మొత్తం పని చేస్తాయి. మరీ పొట్టిదైతే వంగి వంగి నడుము పోతుంది.

మరి సరైన ఎత్తు ఎలా తెలుస్తుంది? దీనికి ఒక తేలిక కొలత ఉంది. పని చేసేటప్పుడు వేసుకునే చెప్పులే వేసుకోండి. నిటారుగా నిలబడండి. చేతులు పక్కకు వదిలేయండి. చిటికెన వేలు అరచేతిని కలిసే చోటు ఉంది చూశారా? నేల నుంచి అక్కడికి ఎంత ఎత్తో కొలవండి. చిత్రిక పనికి బల్ల ఎత్తు దాదాపు అంత ఉంటే హాయిగా ఉంటుంది. సన్నటి చెక్కడం పని, అతుకుల పని ఎక్కువ చేసేవాళ్ళకు ఇంకాస్త ఎత్తు కావాలి. ఎందుకంటే ఆ పనికి కళ్ళు దగ్గరగా ఉండాలి.

నాది పొట్టి శరీరం. నా బల్ల 29 అంగుళాలు. ఆ అబ్బాయి ఆరడుగులకు ఒక అంగుళం తక్కువ. తన కొలత 32 వచ్చింది. మూడంగుళాల తేడా. వినడానికి చిన్నదే. ఆదివారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆ మూడంగుళాలు వంగి పని చేస్తే అప్పుడు తెలుస్తుంది. సరే, కాళ్ళ కింద మూడంగుళాల మద్దికర్ర దిమ్మలు వేసి బోల్టులతో బిగించాం. అదే తను నాకంటే పొట్టివాడైతే, కాళ్ళు కోసి ఇచ్చేవాణ్ణి. అయ్యో, నా బల్ల కాళ్ళు కోయడమా అని బాధపడకూడదు. బల్ల మనిషికి సరిపోవాలి. మనిషి బల్లకు సరిపోనక్కర్లేదు.

పని తీరును బట్టి బల్ల ఎత్తు మారడం కొత్త సంగతేమీ కాదు. ఇటలీలో హెర్క్యులేనియం అనే రోమన్ పట్నం ఉండేది. క్రీస్తు శకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు కూరుకుపోయింది. అక్కడ దొరికిన ఒక గోడ బొమ్మలో రెక్కల పిల్లలు వడ్రంగం చేస్తుంటారు. వాళ్ళ బల్ల మోకాలి ఎత్తు పీటలాంటిది. ఆ తర్వాత చాలా శతాబ్దాలకు, 1769లో, పారిస్‌లో ఆంద్రే రూబో అనే వడ్రంగి తన వృత్తి గురించి పెద్ద గ్రంథం అచ్చు వేయడం మొదలుపెట్టాడు. అందులో చెప్పిన బల్ల నిలబడి పని చేసేది, చాలా మందమైనది. సరదా వడ్రంగులు ఇవాళ కూడా ఆయన పేరుతోనే ఆ రకం బల్లలు చేసుకుంటున్నారు. మనవాళ్ళు నేల మీదే కూర్చుని కొండపల్లి బొమ్మలంత నాజూకైన పని చేశారు. ఎవరి ఎత్తు వాళ్ళది.

మనిషిని కొలిచాం. ఇప్పుడు చోటును కొలవాలి. నా బల్ల అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఆ అబ్బాయి ‘‘పడుతుంది మాస్టారూ, బాల్కనీ పక్కన చాలా చోటుంది’’ అన్నాడు. చాలా చోటు అన్న కొలత టేపు మీద ఉండదు కదా. అందుకని ఒక పని చెప్పాను. పాత న్యూస్ పేపర్లు అతికించి, సరిగ్గా బల్లంత చేసి, కొత్త ఇంట్లో నేల మీద పరచమన్నాను. రెండు రోజులు అక్కడే ఉంచమన్నాను. ఇంట్లోవాళ్ళందరూ దాని చుట్టూ తిరగాలి, తొక్కకూడదు. రెండో రోజే ఫోన్ వచ్చింది. బల్ల అక్కడ పెడితే వాషింగ్ మెషీన్ తలుపు తెరుచుకోవట్లేదట. వాళ్ళావిడ కనిపెట్టింది. బల్ల వెళ్ళాక కనిపెట్టి ఉంటే ఆ ఇంట్లో ఎవరు గెలిచేవారో మీరే ఊహించుకోండి. పేపర్లను ఇంకో గోడ వైపు జరిపారు. అక్కడ కుదిరింది.

ఈ పేపరు కిటుకు బల్లకే కాదు. బీరువా ఇస్తున్నా, మంచం ఇస్తున్నా, కుట్టుమిషను ఇస్తున్నా పనికొస్తుంది. కాకపోతే పని బల్లకు ఇంకో చోటు కూడా చూసుకోవాలి. అయిదడుగుల బల్ల మీద ఎనిమిదడుగుల చెక్క కోయాల్సి వస్తే, ఆ చెక్క రెండు పక్కలా బయటికి వస్తుంది. అది గోడకు తగలకూడదు. కిటికీ అద్దానికి అసలే తగలకూడదు.

ఆపైన దారి. గుమ్మం వెడల్పు అందరూ కొలుస్తారు. మెట్ల మలుపు ఎవరూ కొలవరు. సామాన్లన్నీ ఇరుక్కునేది అక్కడే. లిఫ్టు ఉంటే లోపలి పొడవు, తలుపు వెడల్పు, అది మోయగల బరువు చూడండి. బరువు ఎంతో లెక్క కట్టడం కష్టం కాదు. ఎండిన టేకు ఒక ఘనపుటడుగు దాదాపు 18 కిలోలు తూగుతుంది. నా బల్ల పైపలక మూడంగుళాల మందం. అయిదడుగులు, రెండడుగులు, పావు అడుగు. హెచ్చవేస్తే రెండున్నర ఘనపుటడుగులు. అంటే పైపలక ఒక్కటే 45 కిలోలు. కాళ్ళు, అడ్డకర్రలు, వైస్ కలిపితే 80 పైమాటే. ఇద్దరు మనుషులు మోస్తారులే అనుకుంటే కుదరదు. విప్పాల్సిందే.

విప్పేముందు ఒక హెచ్చరిక. మీ బల్ల బోల్టులతో బిగించిందైతే నిక్షేపంగా విప్పండి. కుసులు దూర్చి ఫెవికాల్‌తో అతికించిందైతే దాని జోలికి పోకండి. సుత్తితో కొడితే కుసి విరుగుతుంది కానీ జిగురు వదలదు. అప్పుడు బల్ల మొత్తంగా వెళ్ళే దారి ఉన్న ఇంటికే ఇవ్వాలి. చూశారా, మళ్ళీ కొలతల దగ్గరికే వచ్చాం.

బోల్టుల బల్లైతే మొదట వైస్ ఊడదీయండి. అది ఒక పక్కకు బరువు లాగి పలకను తిరగేస్తుంది. తర్వాత ప్రతి అతుకు దగ్గరా రెండు ముక్కల మీదా ఒకే గుర్తు పెట్టండి. ఒకటో కాలికి ఒకటి, అది కలిసే అడ్డకర్రకూ ఒకటి. పెన్సిల్‌తో రాస్తే దారిలో చెరిగిపోతుంది. ఉలితో సన్నగా గాటు పెట్టండి. విప్పిన బోల్టుకు దాని వాషరు, దాని నట్టు వెంటనే ఎక్కించేయండి. అన్నీ ఒక గుడ్డ సంచిలో వేసి, ఆ సంచిని కాలికే కట్టేయండి. ఇల్లు మారేటప్పుడు చిన్న సంచులు ఎక్కడికి పోతాయో ఆ దేవుడికే తెలియాలి.

ఇప్పుడు అసలైన మర్యాద. బల్ల లోపాలు చెప్పి ఇవ్వాలి. నా బల్ల పైపలక పాత ఇల్లు పడగొట్టినప్పుడు వచ్చిన టేకు దూలాలతో చేసింది. పాత కర్రలో తుప్పు పట్టిన మేకులు లోపలే విరిగి ఉంటాయి. చిత్రిక బ్లేడు ఒక్కసారి తగిలితే చాలు, పదును పోతుంది. అందుకని పలకంతా అయస్కాంతంతో తడిమి, లాగిన చోటల్లా సుద్దముక్కతో గుండ్రాలు చుట్టి ఇచ్చాను.

పురుగు సంగతి కూడా చూడండి. బల్లను పక్కకు పడుకోబెట్టి కాళ్ళ అడుగుభాగం చూడండి. చెద పడితే మట్టి దారులు కనిపిస్తాయి. పుచ్చు పురుగైతే గుండుసూదంత బెజ్జాలు, కింద మైదాపిండిలా మెత్తటి పొడి. టేకు చేవలో ఈ పురుగు మామూలుగా చేరదు. అంచున ఉండే తెల్లకర్రను, మామిడి, రబ్బరు లాంటి కర్రలను తింటుంది. పొడి ఇంకా రాలుతుంటే ఆ బల్లను ఎవరికీ ఇవ్వకండి. ఇచ్చేది బల్లను కాదు, పురుగును. అది అవతలి ఇంటి సోఫాకు, తలుపులకు పాకుతుంది.

పైపలక మెలి తిరిగిందో లేదో చూడడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. తిన్నగా ఉన్న రెండు బద్దలు తీసుకోండి. ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర అడ్డంగా నిలబెట్టండి. వంగి ఒక కన్ను మూసి చూడండి. రెండు బద్దల పై అంచులు ఒకదానికొకటి సమాంతరంగా కనిపిస్తే పలక బాగున్నట్టే. ఒక బద్ద ఒక మూల పైకి లేచినట్టు కనిపిస్తే మెలి ఉంది. ఎంత ఉందో చెప్పి ఇవ్వండి. మీరే చిత్రిక పట్టి సరిచేయాలన్న ఉత్సాహం వస్తుంది. అది ఆపుకోండి. ఎందుకో చెబుతాను.

కర్ర గాలిలో తేమను పీలుస్తుంది, వదులుతుంది. తేమ పెరిగితే వెడల్పు పెరుగుతుంది. ఆరితే తగ్గుతుంది. పొడవు మాత్రం దాదాపు మారదు. విశాఖ సముద్రపు గాలికి అలవాటుపడిన పలక 600 కిలోమీటర్లు దాటి హైదరాబాదు ఎండాకాలంలో పడితే, రెండడుగుల వెడల్పులో కొన్ని మిల్లీమీటర్లు తగ్గొచ్చు. కాస్త వంపు కూడా తిరగొచ్చు. కాబట్టి ఇక్కడ చదును చేసిన పలక అక్కడ చదునుగా ఉంటుందని నమ్మకం లేదు. కొత్త ఇంట్లో బోల్టులు వదులుగా బిగించి, కొన్ని వారాలు అలా వదిలేసి, అప్పుడు గట్టిగా బిగించుకుని చిత్రిక పట్టుకోమని చెప్పాను. ఊళ్ళోనే ఇస్తున్నా, బాల్కనీలోంచి ఏసీ గదిలోకి వెళ్తున్న బల్లకు ఇదే మాట వర్తిస్తుంది.

మధ్యలో ఒక జాగ్రత్త. ఇది మాత్రం అందరూ వినాలి. ఇచ్చేముందు చాలామంది బల్లకు అవిసె నూనె పూసి మెరిపిస్తారు. పూయండి. కానీ పూసిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండగా ఉన్న గుడ్డలో ఆ వేడి బయటికి పోలేక, నిప్పు లేకుండానే అంటుకోవచ్చు. అలాంటి గుడ్డను ఆరుబయట విప్పి పరవండి. లేదా నీళ్ళలో ముంచేయండి.

ఇక ఇచ్చే రోజు. మా ఇంట్లో శుక్రవారం ఏదీ బయటికి ఇవ్వనివ్వరు. ఇనుము చేతికి చేయి అందించకూడదన్నది ఇంకో నమ్మకం. వైస్‌ను నేల మీద పెడితే ఆ అబ్బాయి తీసుకున్నాడు. నమ్మకం ఎలా ఉన్నా, అంత బరువైన ఇనుమును చేతికి చేయి అందించకపోవడం కాలి వేళ్ళకు మంచిదే.

డబ్బు మాట కూడా అనేద్దాం. ట్రాలీ ఆటో ఖర్చు, కూలీల ఖర్చు తీసుకునేవాళ్ళదే. ఇది ముందే చెప్పుకోవాలి. బల్లకు మాత్రం ధర వద్దు. ధర వద్దన్నాక షరతులు కూడా వద్దు. అమ్మకూడదు, మార్చకూడదు, నేను వచ్చినప్పుడు చూపించాలి లాంటివేవీ పెట్టకండి. నా మటుకు నేను ఒక్కటే అడిగాను. బిగించాక ఒకసారి తాపీమేస్త్రి రసమట్టం పెట్టి చూసి, మట్టం కుదిరిందో లేదో చెప్పమన్నాను. వెనక కాలు ఒకటి కాస్త తక్కువైందట. కింద రబ్బరు ముక్క పెట్టాడు. శబ్దం కింది ఫ్లాటుకు వెళ్ళకుండా మిగతా కాళ్ళకూ పెట్టాడు. అది నాకు తట్టని సంగతి.

మీ ఇంట్లో కూడా అలాంటి బల్ల ఉండి ఉండొచ్చు. దాని మీద ఇప్పుడు ఆవకాయ జాడీలు, పాత పేపర్ల కట్టలు ఉండి ఉండొచ్చు. ఈ ఆదివారం వాటిని దించండి. టేపు తీసి బల్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఒక కాగితం మీద రాయండి. అయస్కాంతంతో ఒకసారి తడమండి. అప్పుడు ఆ కుర్చీలు కోసుకునే మనిషికి ఫోన్ చేసి, మొదట ఎంత పొడుగో అడగండి.